తడి బల్బు, పొడి బల్బు

ఈల ఆగి గంటా ఇరవై నిమిషాలైంది. గోడ గడియారం మూడు చూపిస్తోంది కానీ అతని చెవి మాత్రం ఇంకా ఒంటి గంట నలభై దగ్గరే నిలబడిపోయి, ఇదిగో ఇప్పుడు, ఇదిగో ఇప్పుడు అనుకుంటూ పాత ఫ్రిజ్ తలుపుకి బిగించిన అద్దానికి అతుక్కుపోయి ఉంది. చల్లబరచడం ఎప్పుడో మానేసిన ఫ్రిజ్ అది. అరలన్నీ పీకేసి, ఒక బల్బూ, ఒక చిన్న ఫ్యానూ, ఒక నీళ్ళ పళ్ళెమూ పెట్టి, దానికి ఈ వయసులో వెచ్చగా ఉండడం నేర్పించాడు, ముప్పై ఆరు డిగ్రీల మీద పాయింటు మూడు, అటూ ఇటూ పోకుండా. లోపల మడతపెట్టిన తువాలు మీద ఒకే ఒక్క ఈము గుడ్డు, రెండు అరచేతులూ కలిపినా చాలనంతది, ఆకుపచ్చ ముదిరి ముదిరి నలుపు దాకా వచ్చిన రంగు, ఇవాళ్టికి యాభై నాలుగో రోజు. నిన్న మధ్యాహ్నం అది లోపలి నుంచి ఈల వేసింది. అతను వేస్తే బదులు వేసింది, ఒకసారి కాదు, నోరు ఎండిపోయేదాకా వేశాడు, అన్నిసార్లూ పలికింది, తువాలు మీద ఇటు ఒరిగింది, అటు ఒరిగింది. పెంకు మాత్రం బీట కూడా వారలేదు. ఇప్పుడు ఈలా లేదు, ఒరగడమూ లేదు. నాలుగింటికి బావమరిది వస్తాడు. డ్యూటీ దిగి తిన్నగా వస్తానన్నాడు, అప్పటిదాకా వేలు పెట్టొద్దని ఫోన్లో మూడుసార్లు చెప్పాడు. ఇంకా గంట ఉంది.

గంటంటే ఎంత, మిల్లులో అయితే ఒక గంటలో ఎన్ని కండెలు నిండేవి, ఆ లెక్క వేళ్ళ చివర ఉండేది ఒకప్పుడు, ఇప్పుడు గుర్తు రావడం లేదు, పోనీ. బావమరిదికి కోళ్ళ హేచరీలో సూపర్‌వైజరు పని. వాడి లెక్కలో గంటకి వేల పిల్లలు. ఇరవై ఒకటో రోజు పొద్దున్న ట్రేలు లాగుతారు, బయటికొచ్చిన పిల్ల పిల్ల, రానిది చెత్త, అంతే, లోపల ముక్కు కొట్టుకుంటున్నా సరే ట్రే తిరగబడుతుంది డ్రమ్ములోకి. తప్పేముంది బావా, సొంతంగా రాలేనిది బతికినా అవిటిదే అవుతుంది, అంటాడు. చెడ్డవాడు కాదు. ఇరవై ఏళ్ళు ఆ డ్రమ్ము పక్కన నిలబడ్డవాడు ఇంకేమంటాడు. వెటకారం మాత్రం పుట్టుకతో వచ్చింది. మొదటి రోజే గుమ్మంలోంచి కేకేశాడు, అక్కా, బావ పొదుగుతున్నాడు, లేపకు, వేడి పోతుందని. వీధిలో ఇద్దరు ఆగి నవ్వారు. నవ్వనీ. ఈముల్లో పొదిగేది మగదేరా అని అతనూ గట్టిగానే అన్నాడు, పెట్ట గుడ్లు పెట్టేసి తన దారిన తను పోతుంది, మగది ఎనిమిది వారాలు తిండీ నీళ్ళూ మానుకుని కూర్చుంటుంది, నీకు కోళ్ళు తప్ప ఏం తెలుసు, అని. అప్పుడు కుట్టు మిషను దగ్గర్నుంచి భార్య అంది, ఎనిమిది వారాలు మీరూ తిండి మానేస్తారా అయితే, నాకు వంట తప్పుతుంది. అక్కకీ తమ్ముడికీ నోళ్ళు ఒకే సంతలో కొన్నట్టుంటాయి.

పక్క గదిలో ఆ మిషను ఇప్పుడు కూడా తిరుగుతోంది. టకటకటకా పోయి ఆగుతుంది, బట్ట తిప్పుతుంది, మళ్ళీ టకటకటకా. ఆ చప్పుడు తీసేసి వినాలి, ఫ్యాను చప్పుడు తీసేసి వినాలి, తన గుండె చప్పుడు కూడా తీసేసి. ముప్పై మూడేళ్ళు స్పిన్నింగ్ హాల్లో అలాగే విన్నాడు. వెయ్యి కదుర్ల హోరులో ఒక దారం తెగితే వినబడేది అతనికి, లేదా వినబడిందని అనుకునేవాడు, ఏదయితేనేం, తల తిప్పితే అక్కడ తెగే ఉండేది. తేమ ఆపరేటరు. మిల్లు బయట ఎవరికి చెప్పినా అర్థమయ్యేది కాదు, తేమని ఆపరేట్ చేయడమేమిటని. గాలిలో తడి తగ్గితే దూది పెళుసెక్కుతుంది, దారం పుటుక్కుమంటుంది. తడి ఎక్కువైతే రోలర్లకి చుట్టుకుంటుంది. రెండు థర్మామీటర్లు, ఒకదాని బల్బుకి తడి గుడ్డ చుట్టి, ఒకదాన్ని ఊరికే వదిలేసి, రెండింటికీ ఎంత తేడా ఉందో, తేడా ఎంత తక్కువైతే గాలిలో తడి అంత ఎక్కువ, అది చూసి నీళ్ళు చల్లే యంత్రాన్ని పెంచాలి, తగ్గించాలి. చూడక ముందే అతని ముక్కు చెప్పేసేది. హాల్లో అడుగు పెట్టగానే ముక్కు లోపలి చర్మం బిగుసుకుంటే తేమ నూటికి నలభై ఎనిమిది, వదులైతే అరవై. ఆ తర్వాత గోడ మీదికి డిజిటల్ పెట్టె వచ్చింది. సరిగ్గా నీళ్ళ గాలి వచ్చే కన్నం కింద బిగించారు దాన్ని, అక్కడ అరవై అయిదు చూపిస్తుంది, పది అడుగులు అవతల దారాలు తెగుతుంటాయి. సార్, ఇక్కడ యాభై కూడా లేదు, అన్నాడు. గోడ మీద కనబడుతోంది కదయ్యా, అన్నాడు మేనేజరు. నా ముక్కుకి కనబడడం లేదు సార్. హాలంతా నవ్వింది. మేనేజరు నవ్వలేదు. ఆ ఏడాది చివర తేమ ఆపరేటరు పోస్టే ఎత్తేశారు. పెట్టెని జరపమని ఆఖరి రోజు కూడా చెప్పాడు, సంతకం పెట్టే ముందు చెప్పాడు, పెట్టాక కూడా చెప్పాడు. అతను చెప్పింది నిజం. ఇవాళ ఎవరొచ్చి అడిగినా చెప్తాడు, ఆ పెట్టె అబద్ధం, ఆ దారాలు నిజం.

అయితే ఆ నాలుగు గుడ్లూ కూడా నిజమే. ఆ మాట దగ్గరికి రాకుండా ఎన్ని మూలలు తిరిగినా కాళ్ళు అక్కడికే వస్తాయి. పక్షుల ఫారం మూసేస్తున్న స్నేహితుడొకడు నాలుగు గుడ్లు చేతిలో పెట్టి, ఒక కాగితం కూడా ఇచ్చాడు, వేడి ఇంత, తేమ ఇంత అని. తేమ ముప్పై దాటకూడదని రాసి ఉంది అందులో. ముప్పయ్యా. ముప్పై తేమలో దారం ఒక్కటి నిలుస్తుందా, మనిషి పెదవి నిలుస్తుందా, అచ్చు తప్పయి ఉంటుంది, అనుకున్నాడు. అడగనన్నా అడగలేదు. తేమ గురించి ఇంకొకర్ని అడగడమా, తను. యాభై అయిదు పెట్టాడు, స్పిన్నింగ్ హాలుకి పెట్టినట్టు, అందంగా, గీత చెదరకుండా యాభై రోజులు నిలిపాడు, అంత నిలకడగా మిల్లులో కూడా ఎప్పుడూ నిలపలేదు, ఆ గర్వం ఒకటి. గుడ్డుకి లోపలి నీళ్ళు బయటికి పోవాలని అతనికి తెలియదు. వారం వారం బరువు తగ్గాలి, నూటికి పదిహేను పాళ్ళు తగ్గితేనే లోపల గాలి గది పెరిగి, పిల్లకి మొదటి ఊపిరి దొరుకుతుంది. తగ్గలేదు. నిండుగా, బరువుగా, ఆరోగ్యంగా ఉన్నాయనుకున్నాడు. ఈలలు వినిపించినప్పుడు బావమరిదికి ఫోను చేశాడు, ముట్టుకోకు బావా, వస్తే అదే వస్తుంది అన్నాడు వాడు, ముట్టుకోలేదు, రెండు రోజులు గడియారం చూస్తూ కూర్చున్నాడు. తర్వాత తన చేత్తోనే పగలగొట్టాడు నాలుగింటినీ. మూడు పిల్లలు ఉబ్బిపోయి, కాళ్ళు నీరు పట్టి, తమ నీళ్ళలో తామే మునిగిపోయి ఉన్నాయి. నాలుగోది మాత్రం ముక్కు గాలి గదిలోకి పెట్టింది. ఊపిరి తీసుకుంది. అది ఇంకా వెచ్చగా ఉంది. ఎంతసేపటి క్రితం పోయిందో, గంటో, రెండు గంటలో, తను ఈ పీట మీద కూర్చుని ఉండగానే.

పది రోజులు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మిల్లు పోయినప్పుడు కూడా అలా పడుకోలేదు. అప్పుడు తప్పు వాళ్ళది, కోపం తెచ్చుకుంటే సరిపోయింది. ఇక్కడ కోపం తెచ్చుకోవడానికి ఎదురుగా ఎవరూ లేరు. లేచాక స్నేహితుడి దగ్గరికి మళ్ళీ వెళ్ళాడు. ఒక్కటే మిగిలింది, అదీ పాతబడింది, ఆశ పెట్టుకోకు అన్నాడతను. ఇది ఆ ఒక్కటే. కోడిగుడ్డయితే వెనక టార్చి పెట్టి చూడొచ్చు, ఈ పెంకు వెలుతురంతా మింగేస్తుంది, లోపల ఏముందో చెప్పేది బరువొక్కటే. అందుకని వారం వారం వంటింటి తక్కెడ మీద పెట్టి, తెల్ల సుద్దతో పెంకు మీదే రాశాడు. ఆరు వందల పన్నెండుతో మొదలు. తర్వాత అయిదు వందల తొంభై ఆరు. అయిదు వందల డెబ్భై ఎనిమిది. ఈ అంకెలు దిగుతుంటే ప్రాణం లేచొచ్చింది. రోజుకి అయిదుసార్లు తిప్పాడు, ఒక వైపు ఇంటూ గుర్తు, ఒక వైపు సున్నా, ఒక్కసారి కూడా మరిచిపోలేదు. నీళ్ళ పళ్ళెం తీసి బయట పెట్టేశాడు. ఈసారి ముంచను, ఈసారి ఒక్క చుక్క కూడా ఎక్కువ కానివ్వను.

టకటకటకా, పుటుక్. పక్క గదిలో మిషను ఆగింది. భార్య విసుక్కుంది, సూదిలోకి మళ్ళీ ఎక్కిస్తోంది కాబోలు, చప్పుడు లేదు. టకటకా, పుటుక్. ఈ దారానికి ఏం పుట్టిందో, పొద్దుట్నుంచి ఇదే వరస, అంటోంది ఎవరితోనో, ఎవరితోనూ కాదు, గోడతో. అతని తల అద్దం మీది నుంచి లేచింది. పొద్దుట్నుంచా. పొద్దుట్నుంచీ తెగుతోందా. ముక్కుతో గాలి పీల్చాడు. లోపలి చర్మం బిగుసుకుంది, ఎంతలా అంటే మంట పుట్టింది. ముప్పై మూడేళ్ళు ఏ ముక్కుతో బతికాడో ఆ ముక్కుని ఈ యాభై నాలుగు రోజులూ నోరు మూసుకోమన్నాడు, నీ వల్లే నాలుగు పోయాయి, నువ్వు చెప్పకు, అన్నాడు. వారం నుంచి బయట పొడి గాలి. ఇంట్లో పొడి గాలి. ఫ్రిజ్ లోపల ఇంకెంత. ఆఖరి అంకె నాలుగు వందల తొంభై తొమ్మిది, ఆ అంకె రాసేటప్పుడు సంబరపడ్డాడు, ఎంత బాగా ఆరిందో అని. నూటికి పదిహేను కాదు, పద్దెనిమిది దాటింది. నీళ్ళకి భయపడి ఎండబెట్టాడు. ఈల మొదలయ్యాక పళ్ళెం తిరిగి లోపల పెట్టాడు సరే, అప్పటికే లోపలి పొర ఎండి పిల్లకి అంటుకుపోయి ఉంటుంది, తల తిప్పనివ్వదు, ముక్కు ఎత్తనివ్వదు. అది రాలేనిది కాదు. దాన్ని తను కట్టేశాడు. కట్టేసినవాడే విప్పాలి, విప్పకుండా, సొంతంగా వస్తే రానీ అని కూర్చుంటే దాని పేరు ఓపిక కాదు.

మూడూ పదిహేడు. చేతులు వణికాయి, వణకనీ. ఇదే తప్పయితే? ఇది కూడా తప్పే అయితే, రక్తం ఇంకా పెంకు గోడలకే ఉంటే, పొర చిరిగితే నిమిషంలో పోతుంది, బావమరిది వచ్చి చూసి ఏమీ అనడు, అనకపోవడమే పెద్ద మాట. అననీ, అనకపోనీ. మిల్లులో నిజం చెప్పి ఓడిపోయాడు, ఇక్కడ, వస్తే అదే వస్తుందన్న అబద్ధాన్ని నమ్మి ఓడిపోయాడు, రెండు చోట్లా చేసింది ఒకటే, ఎవరో చెప్పిన చోట నిలబడి చేతులు కట్టుకుని చూశాడు. చాలు. లేచాడు. పనిముట్ల డబ్బాలోంచి మూడు పలకల ఆకురాయి తీశాడు, పక్క గదిలోకి వెళ్ళి, బాత్రూంలో వేడి నీళ్ళు వదలమని, బకెట్లన్నీ నింపమని, కిటికీ మూసి సందుల్లో తడి గుడ్డలు కుక్కమని చెప్పాడు. భార్య పళ్ళ మధ్య దారం ముక్క పట్టుకుని చూసింది అతని వైపు.

“మావాడు వద్దన్నాడు కదా,” అంది.

“అన్నాడు. ఇది చస్తే నా చేతిలో చావనీ. వాడి గడియారం చేతిలో మాత్రం చావనివ్వను.”

ఆమె దారం ముక్క ఉమ్మేసింది. “మొన్నటిలా గోడ వైపు తిరిగి పడుకుంటే నేనూరుకోను, ముందే చెప్తున్నా,” అని లేచి కొళాయి తిప్పడానికి వెళ్ళింది.

నీళ్ళ హోరు. ఆవిరి తలుపు సందుల్లోంచి వస్తోంది. ఆ నాలుగూ పోయాక గుడ్డలో చుట్టి పక్కన పడేసిన రెండు థర్మామీటర్లూ విప్పి బాత్రూంలో తువాళ్ళ కొక్కేనికి తగిలించాడు, పొడిది ముప్పై అయిదుకి వచ్చింది, తడిది దాన్ని అందుకోవడానికి మెల్లగా ఎక్కుతోంది, ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ముప్పై. అద్దం మసకబారింది, గోడ పలకల మీద చుక్కలు పట్టాయి. ముక్కు లోపల చర్మం వదులైంది. అప్పుడు వెళ్ళి గుడ్డు తీశాడు, దుప్పటి ముక్కలో చుట్టి ఛాతీకి ఆనించుకుని ఏడడుగులు నడిచాడు. భార్య లోపలే ఉండి గొళ్ళెం పెట్టింది. ఇద్దరూ నేల మీద కూర్చున్నారు, ఆమె ఒళ్ళో తువాలు, తువాలులో గుడ్డు, ఆమె ఎడమ చేతిలో టార్చి. పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో ఈ బాత్రూంలో ఇద్దరూ కలిసి కూర్చోవడం ఇదే మొదటిసారి.

వేలి గోరుతో పెంకు మీద తట్టుకుంటూ వెళ్ళాడు. ఇక్కడ నిండు చప్పుడు, ఇక్కడా నిండే, ఇక్కడ, ఈ లావు కొనన, గుల్ల. గాలి గది. చాలా పెద్దది, ఉండవలసిన దాని కంటే పెద్దది, అంటే తన ముక్కు చెప్పింది నిజమే. సుద్దతో చిన్న సున్నా చుట్టి ఆకురాయి మూల ఆనించి గీకడం మొదలుపెట్టాడు. మొదట నల్లని పచ్చటి పొడి రాలింది, దాని కింద నీలం కలిసిన లేత ఆకుపచ్చ, ఇంత అందమైన రంగు ఎవరికీ కనబడకుండా ఎందుకు దాక్కుందో, దాని కింద తెలుపు. చేయి వణకడం ఎప్పుడు మానేసిందో గమనించలేదు. తెగిన దారం కొసలు రెండూ వేళ్ళ మధ్య పెట్టి మెలివేసి అతికేటప్పుడు కూడా ఇంతే, ముందు వణుకుతుంది, పట్టుకున్నాక వణకదు. తెలుపు పలచబడి, పలచబడి, పెసరగింజంత కంత పడింది. కంతలోంచి బయటి పొర కనబడింది, కాగితంలా ఎండిపోయి. సూది మొనతో తొలగించాడు. టార్చి దగ్గరగా, అన్నాడు. ఆమె వంచింది. లోపలి పొర పచ్చగా, తోలులా బిగుసుకుని ఉంది, దాని మధ్యలో లోపలి నుంచి ఏదో మొనదేలి నొక్కుతున్నట్టు ఒక ఎత్తు. ముక్కు. ముక్కు కొన పొరని చీల్చింది, సగం చీల్చింది, అక్కడే అంటుకుపోయింది, ఎండిన బంకలో ఇరుక్కుని, తెరవలేక, వెనక్కి తీయలేక. కదలడం లేదు.

కంతని ఇంకొంచెం పెద్దది చేశాడు, పెంకు ముక్కల్ని గోరుతో ఒక్కొక్కటి విరుస్తూ, రూపాయంత అయ్యేదాకా. నరాలు ఎండిపోయాయి, ఎరుపు లేదు, రక్తం లేదు, లోపలికి వెళ్ళిపోయింది, వెళ్ళిపోయిందంటే పిల్ల తన పని తను చేసుకుంది, చేయవలసిందంతా చేసి తలుపు దగ్గర నిలబడి ఉంది. థర్మామీటరుకి చుట్టే మెత్తటి గుడ్డనే చించి, గోరువెచ్చని నీళ్ళలో ముంచి, పిండి, ముక్కు చుట్టూ అద్దాడు. ఒకసారి. ఇంకోసారి. నీళ్ళు లోపలికి కారకూడదు, ముక్కు కన్నాల్లోకి అసలే పోకూడదు, తడి కావాలి, నీళ్ళు కాదు, ఆ రెండింటికీ మధ్య ఉన్న సన్నటి తేడా తెలుసుకోవడానికి ఒక జన్మా నాలుగు ప్రాణాలూ పట్టాయి అతనికి. అద్దుతూ ఉన్నాడు. పొర పసుపు తగ్గి తెల్లబడింది, మెత్తబడింది, అంచు ఊడింది. సూదితో అంచు పట్టుకుని ముక్కు మీది నుంచి వెనక్కి తీశాడు, ఒక వెంట్రుక వాసి, ఇంకో వెంట్రుక వాసి. ఏమీ లేదు. టార్చి వెలుగు కొద్దిగా ఊగింది. అతను పెదాలు తడుపుకుని ఈల వేశాడు, సన్నగా, నిన్న వేసినట్టే. రా, రాకపో, నేనిక్కడే ఉన్నాను, ఈసారి గోడవతల లేను, పీట మీద లేను, ఇక్కడ, నీ ముక్కు ముందే ఉన్నాను. మళ్ళీ వేశాడు. ఆవిరి కళ్ళలోకి వచ్చింది, ఆవిరే అనుకోవాలి.

ముక్కు తెరుచుకుంది. తెరుచుకుని మూసుకుంది. మళ్ళీ తెరుచుకుంది, లోపల గులాబీ రంగు నాలుక కనబడింది, పొర కింద ఏదో పొంగి దిగింది.

“ఊపిరి తీస్తోందా?” అంది ఆమె.

“తీస్తోంది. ఇంక నేను ముట్టుకోను. మిగతాది దాని పని.”

ముట్టుకోకూడదు ఇప్పుడు, ఇప్పుడు మాత్రం నిజంగా ముట్టుకోకూడదు, పొట్టలోకి పచ్చసొన ఇంకా వెళ్ళాలి, కాళ్ళకి బలం రావాలి, తెల్లారేదాకా పట్టవచ్చు, తెల్లారేదాకా ఈ గాలి ఇలాగే ఉండాలి. కొక్కెం వైపు చూశాడు. పొడిది ముప్పై అయిదు, తడిది ముప్పై ఒకటి దాటింది. ఇదీ తేమంటే. ఇది స్పిన్నింగ్ హాలు తేమ కంటే మిన్న. వీధి తలుపు చప్పుడైంది, చెప్పులు విడిచిన చప్పుడు, ఫ్రిజ్ తలుపు తెరిచిన చప్పుడు. అడుగులు వేగంగా వచ్చి బాత్రూం ముందు ఆగాయి. బావమరిది తలుపు మీద అరచేత్తో కొట్టాడు, ఒకసారి, రెండుసార్లు.

“అక్కా, లోపల ఏం చేస్తున్నారు? గుడ్డు పగలగొట్టేశాడా బావ? తియ్యి, నేను చూస్తాను. తలుపు తియ్యి ముందు.”

అతను కొక్కేనికి వేలాడుతున్న తడి బల్బు వైపు ఇంకోసారి చూశాడు. భార్య అతని చేతికి టార్చి ఇచ్చేసి, ఒళ్ళో గుడ్డు కదలకుండా నడుము తిప్పి, గొళ్ళెం మీద చేయి పెట్టింది. ఆ చేయి గొళ్ళేన్ని ఇంకా లోపలికి నొక్కింది.

“తియ్యనురా,” అంది తమ్ముడితో. “తలుపు తీస్తే తేమ పోతుంది.”